రైఫిలు గొట్టానికి రాపిడి పొడి

పండుగ దగ్గరకు వచ్చిందంటే ఇంటిలోని ఇత్తడి, రాగి సామాను అంతా పెరటిలోకి చేరడం మనందరం ఎరిగినదే. తోమేవారి చేతి దగ్గర రెండు వస్తువులు తప్పక ఉంటాయి. ఒకటి నానబెట్టిన చింతపండు. రెండవది ఇటుకపొడి గాని, బూడిద గాని. రెండూ బిందెను మెరిపిస్తాయి. కాని రెండూ చేసే పని ఒకటి కాదు. చింతపండులోని పులుపు చిలుమును కరిగిస్తుంది, లోహం జోలికి అంతగా పోదు. ఇటుకపొడి చిలుమును గీకుతుంది. గీకుతూ గీకుతూ దానితోపాటు లోహాన్ని కూడా కొంత పట్టుకొనిపోతుంది. మా ఇంట నాయనమ్మగారి పెండ్లినాటి బిందె ఒకటి ఉన్నది. దాని భుజం మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరును చిన్నతనంలో నేను కూడబలుక్కొని చదివేవాడిని. ఇప్పుడు వేలితో తడిమి చూస్తే తప్ప అక్కడ అక్షరాలున్నవని తెలియదు. ఏ ఒక్కనాటి తోముడూ ఆ పేరును తుడిచివేయలేదు. అన్ని పండుగలూ కలిసి తుడిచివేశాయి.

నేటి ప్రసంగ విషయం రైఫిలు గొట్టాన్ని శుభ్రపరచడంలో మెత్తని రాపిడి పొడుల వాడకం. శాస్త్ర గ్రంథాలలో వీటిని అపఘర్షకాలు అంటారు. విశ్రాంత సైనికులూ, రైఫిలు క్లబ్బుల సభ్యులూ, లైసెన్సు మీద ఆయుధం ఉంచుకొన్నవారూ, ఎన్.సి.సి.లో చేరిన పిల్లలూ ఉన్న ఇండ్లు మన శ్రోతలలో తక్కువేమీ కాదు. తక్కిన శ్రోతలు బిందెను మనస్సులో ఉంచుకొని వింటే చాలును.

నాకీ విషయం మీద శ్రద్ధ కలగడానికి కారణం ఒక తప్పిదం. 1998లో, డిగ్రీ రెండవ యేట, ఎన్.సి.సి. శిబిరానికి వెళ్లాను. పాయింట్ రెండు రెండు రైఫిలుతో కాల్పులు ముగిసిన సాయంకాలం, శుభ్రం చేయవలసిన రైఫిళ్లలో ఒకటి నా వంతుకు వచ్చింది. గొట్టం మూతి లోపల ఒక నల్లని మచ్చ కనిపించింది. గుడ్డ పెట్టి తుడిస్తే పోలేదు. అక్కడ పనిచేస్తున్న వడ్రంగి దగ్గర చిన్న గరుకు కాగితపు ముక్క అడిగి తెచ్చి, పుల్లకు చుట్టి, మూతిలో పెట్టి పావుగంటసేపు తిప్పాను. మూతి అద్దమై మెరిసింది. ఎంతో పని చేశానని సంబరపడ్డాను. మరునాడు పోటీలో ఆ రైఫిలుతో కాల్చవలసినవాడు నా మిత్రుడు, మా జట్టులో మేటి. నెలరోజులుగా అతనికి చేయి అలవాటైన రైఫిలు అది. అంతకుముందు ఇరవై అయిదు మీటర్లలో అతని అయిదు గుండ్లూ రూపాయి బిళ్ల వెడల్పులో పడేవి. ఆనాడు నిమ్మకాయ పరిమాణానికి విచ్చుకొన్నాయి. ఎంత ఊపిరి బిగబట్టినా తిరిగి దగ్గరకు రాలేదు. మా సుబేదారుగారు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి మూతి చూశారు. "ఎవరు బాబూ దీన్ని తోమింది?" అని అడిగారు. నేనేనండీ అన్నాను. "కాల్చి పాడుచేసిన తుపాకులు నేను కొద్దిగానే చూశాను. తోమి పాడుచేసినవి చాలా చూశాను," అని మాత్రం అని ఊరుకొన్నారు. నా మిత్రుడు ఒక్క మాటయినా అనలేదు. అది మరింత బాధ కలిగించింది.

పావుగంటలో నేను చేసిన చెరుపు ఏమిటో తెలియాలంటే గొట్టం లోపల ఏమున్నదో చూడవలె.

రైఫిలు గొట్టం లోపల నున్నగా ఉండే గొట్టం కాదు. దున్నిన చేలో చాళ్లూ గట్లూ ఉన్నట్లే దాని లోపలి గోడ మీద చాళ్లూ గట్లూ ఉంటాయి. అవి తిన్నగా కాక మెలికతిరిగి సాగుతాయి. పాత సైనిక రైఫిలైన పాయింట్ మూడు సున్న మూడు లీ-ఎన్‌ఫీల్డులో ఇట్టి చాళ్లు అయిదు. ప్రతి పది అంగుళాలకూ అవి ఒక చుట్టు తిరుగుతాయి. గుండు ఈ గట్లను కరచుకొని తాను కూడా బొంగరంలా తిరుగుతూ బయటకు వస్తుంది. ఆ తిరుగుడే దాని గురికి ఆధారం. ఇక ఈ చాళ్ల లోతెంత? అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో నాలుగు మొదలు ఆరు భాగాలు. మన కొలతలో మిల్లీమీటరులో పదోవంతుకు కొంచెం పైమాట. రెండు తలవెండ్రుకలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందమని స్థూలంగా చెప్పుకోవచ్చును. ఇంత సన్నని పనితనం మీద మనం పొడి వేసి రుద్దబోతున్నామని మరువరాదు.

రుద్దవలసినంత మురికి లోపల ఎక్కడిది? అది ఒక జాతిది కాదు. ప్రతిదానికీ మందు వేరు. శుభ్రపరచడంలో జరిగే పొరపాట్లలో చాలాభాగం ఒకదాని మందు మరొకదానికి వేయడం వల్లనే వస్తాయి.

మొదటిది ఉప్పు. మీరు ఆశ్చర్యపడవచ్చును. పూర్వపు తూటాల క్యాపులలో పొటాసియం క్లోరేటు అనే లవణం ఉండేది. అగ్గిపుల్ల తలలో ఉండేది కూడా అదే. అది పేలిన తరువాత పొటాసియం క్లోరైడు మిగిలి గొట్టమంతటా పలుచగా పరచుకొంటుంది. ఇది మన వంటింటి ఉప్పుకు దగ్గర చుట్టం. వానకాలంలో ఉప్పుజాడీ ఎట్లా చెమర్చుతుందో ఇదీ అట్లాగే గాలిలోని తేమను లాగుకొంటుంది. ఒకటి రెండు రోజులలోనే ఉక్కు తుప్పు పడుతుంది. ఎంత నూనె పూసినా ప్రయోజనం లేదు, ఉప్పు నూనెలో కరగదు కదా. చాలాకాలం ఈ తుప్పుకు కారణం మందులోని ఆమ్లాలేనని భావించారు. అమెరికా దేశపు గనుల శాఖలో హఫ్ అనే శాస్త్రవేత్త పరిశోధించి, దోషి ఈ లవణమేనని 1922లో ప్రకటించాడు. బ్రిటిషు సైన్యంలో మాత్రం కాల్పుల తరువాత గరాటు పెట్టి మరిగే నీరు గొట్టంలో పోసే ఆచారం ఉండేది. నీరు ఉప్పును కరిగిస్తుంది. ఆ వేడికి ఉక్కు తనంతట తానే ఆరుతుంది. కారణాలు ఏమని చెప్పుకొన్నా పద్ధతి మంచిది. 1920ల నుంచి తుప్పు పట్టించని క్యాపులు క్రమంగా వాడుకలోకి వచ్చాయి. అయినా పాత నిల్వల తూటాలు కాల్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవలసినదే, సముద్రతీరపు ఊళ్లలో మరీను. ఈ మురికికి మందు నీరు. రాపిడి పొడితో పనిలేదు.

రెండవది మసి. కార్డైటు అనే పొగలేని మందును 1889లో రూపొందించినప్పుడు అందులో నూటికి అయిదు పాళ్లు వాజిలీను కలిపారు. గొట్టానికి జిడ్డుపూతగా ఉపయోగపడి లోపల మురికి పట్టనీయదని వారి ఆశ. ఆ ఆశ నెరవేరినంత కనబడదు గాని, మందు చెడిపోకుండా నిల్వ ఉండటానికి వాజిలీను బహు చక్కగా పనికివచ్చింది. మన నీలగిరులలో అరువంకాడు వద్ద ఇరవయ్యో శతాబ్దారంభంలో వెలసిన కర్మాగారం ఈ కార్డైటు తయారీకే పుట్టినది. మందు ఏదైనా కాలిన తరువాత మసి తప్పదు. పట్టిన వెంటనే తుడిస్తే నూనెగుడ్డకే పోతుంది. తుడవకుండా మళ్లీ మళ్లీ కాలిస్తే, తూటా గదికి ముందున్న భాగంలో, దానిని గొట్టానికి గొంతు అనవచ్చును, కాలి కాలి పెంకు కడుతుంది. అన్నం మాడిన గిన్నె అడుగును తలచుకొనండి. నానబెట్టినా ఊడదు. ఈ పెంకుకే మెత్తని రాపిడి పొడి నిజమైన మందు.

మూడవది లోహం. గుండుకు లోపల సీసం, పైన గట్టి తొడుగు. 1910లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన ఏడవ రకపు తూటాలో ఆ తొడుగు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్ కలిసిన మిశ్రలోహం. అది వేగానికీ వేడికీ గట్ల మీద ముద్దలు ముద్దలుగా అంటుకొనేది. అప్పటి సైనికులకు ఇదొక పెద్ద బాధ. ఇసుప తీగతో అల్లిన జల్లెడ ముక్కను పుల్‌త్రూ తాడుకు కట్టి లాగి గీకివేసేవారు. కాని పైవారి అనుమతి లేకుండా ఆ జల్లెడ వాడరాదని నియమం ఉండేది. గీకేవాడి ఉత్సాహాన్ని ఎరిగిన వారెవరో పెట్టిన నియమం. అమెరికావారు అమ్మోనియాతో చేసిన ద్రావణం గొట్టంలో నింపి ఆ ముద్దలను కరిగించేవారు. 1921లో వారి జాతీయ పోటీలకు ఏకంగా గుండ్లకే తగరపు పూత పూశారు. ముద్దలు కట్టడం తగ్గింది గాని, తగరం తూటా మెడకు అతుక్కొనడంతో, పైన గ్రీజు కూడా పూసినవారి రైఫిళ్లు కొన్ని దెబ్బతిన్నాయి. చివరకు రాగిలో కొద్దిగా జింకు కలిపిన తొడుగు రావడంతో ఈ బెడద చాలావరకు తీరింది. ఇప్పటి గుండ్లు వదలిపెట్టే రాగి పొర పలుచనిది. అమ్మోనియా గల ద్రావణంలో తడిపిన గుడ్డ నీలంగా మారితే లోపల రాగి ఉన్నదని అర్థం. చింతపండు చేసే పనినే ఇక్కడ అమ్మోనియా చేస్తున్నది. అయితే కంచు కుంచెతో రుద్దితే ఆ కుంచెలోని రాగి వల్ల కూడా నీలం వస్తుంది. అది చూసి ఇంకా మురికి ఉన్నదనుకొని గంటల తరబడి రుద్దేవారున్నారు.

ఇప్పుడు పొడి సంగతి. ఏ వస్తువు దేనిని గీయగలదో చెప్పడానికి మోస్ అనే జర్మను ఖనిజవేత్త 1812లో పది మెట్లు ఏర్పరచాడు. అన్నిటికన్నా మెత్తనిది బలపపు రాయి, ఒకటవ మెట్టు. సుద్ద మూడు. ఇసుకలోని పలుగురాయి ఏడు. కురువిందం తొమ్మిది, వజ్రం పది. ఈ కురువిందం మన మాటే. ఇంగ్లీషువారి కొరండం అనే పదం దక్షిణ దేశపు భాషలనుంచే వారికి అందినది. మన సానరాళ్లలో, ఎమరీ కాగితంలో ఉండే పదును దీనిదే. గొట్టపు ఉక్కు ఈ మెట్లలో రమారమి నాలుగుకూ అయిదున్నరకూ నడుమ ఉంటుంది. చాకు అంచుకన్నా మెత్తనిదే. కాబట్టి సుద్దపొడి ఉక్కును గీయలేదు. ఇటుకపొడిలోని పలుగురేణువు గీయగలదు. కురువిందం సంగతి చెప్పనక్కరలేదు.

అయితే గట్టితనం ఒక్కటే చూస్తే చాలదు, రేణువు ఎంత సన్ననిదో కూడా చూడాలి. నేను వాడిన గరుకు కాగితంవంటి వాటిలో రేణువు మిల్లీమీటరులో వెయ్యింట ముప్పయి నలభై భాగాలుండవచ్చును. చాలు లోతే వెయ్యింట నూరు, నూటయాభై భాగాలని చెప్పుకొన్నాము. ఆ రేణువు గట్టు అంచును ఎంతగా కొరుకుతుందో ఊహించుకోవచ్చును. కంసాలులు బంగారానికి మెరుగుపెట్టే ఎర్రపొడి, అంటే మెత్తగా నూరిన ఐరన్ ఆక్సైడు, రేణువులో చాల సన్ననిది. అది ఉక్కును కోయదు, మెరుగుపెడుతుంది. రైఫిలు గొట్టాలకని ప్రత్యేకంగా అమ్మే పేస్టులు, ఉదాహరణకు చిరకాలంగా పేరున్న జె.బి. పేస్టు, ఈ కోవలోనివే. సన్నని పొడిని జిడ్డులో కలిపి చేస్తారు. ఉక్కులో గ్రుచ్చుకొని నిలిచిపోకుండా ఉండటం వాటికి కావలసిన మరొక గుణం. బెల్టు బిళ్లలకు వాడే బ్రాసోలో కూడా మెత్తని పొడి, అమ్మోనియా రెండూ ఉంటాయి. అత్యవసరానికి దానిని వాడినవారున్నారు. పాత్రలు తోమే పొడి, ఇటుకపొడి, గరుకు కాగితం మాత్రం గొట్టం దరిదాపులకు రానీయరాదు.

మంచి గొట్టాలు చేసేవారు తామే సీసపు కడ్డీకి రాపిడి పొడి పట్టించి లోపల ముందుకూ వెనుకకూ నడిపి నునుపు చేస్తారు కదా, మనం చేస్తే తప్పేమిటి అని అడగవచ్చును. వారు గొట్టం కొలతను ముందే కొంచెం తక్కువగా ఉంచుకొంటారు. పైగా మూతి దగ్గర వెడల్పయ్యే భాగాన్ని ఆ తరువాత కోసివేస్తారు. మన చేతిలోని గొట్టంలో కోసివేయడానికి అదనపు భాగమేదీ లేదు.

మూతికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటారా? గుండును చివరిసారి తాకేది మూతి అంచే. గుండు అడుగు ఆ అంచును దాటే క్షణాన వెనుకనుంచి వాయువు బుస్సున తన్నుకొస్తుంది. అంచు చుట్టూ సమంగా ఉంటే ఆ తన్ను అన్ని వైపులా సమం. ఒకవైపు అంచు అరిగితే వాయువు ఆ పక్కనే ముందు బయటపడి గుండు తోకను పక్కకు నెడుతుంది. ఇక ఆ గుండు ఊగుతూ పోతుంది. నా మిత్రుని లక్ష్యం మీద నిమ్మకాయ పరిమాణం అట్లా ఏర్పడింది. పాత సైనిక రైఫిళ్లలో మురికిపట్టిన పుల్‌త్రూ తాడును ఒక పక్కకు వంచి లాగడంవల్ల మూతి లోపల ఒక చాలు పడేది; ఆయుధ మరమ్మతుదారులు అది చూడగానే తాడు అరుగుడని గుర్తుపట్టేవారు. తాడే ఉక్కును కోసింది, దానికి అంటిన ధూళే పొడి అయింది.

గొంతు సంగతి వేరు. అక్కడ వాయువు వేడి 2,500 డిగ్రీల సెల్సియస్‌కు మించుతుంది. ఎండిన చెరువు అడుగువలె ఉక్కు పైపొర సన్నసన్నగా నెర్రెలు విచ్చుతుంది. మసి ఆ నెర్రెలలో దూరి పెంకు కడుతుంది. కాల్పు వల్ల జరిగే ఈ అరుగుదలను ఏ పొడీ మాన్పలేదు. పైపెంకును తీసివేయగలదు, అంతే. నెర్రె లోపలి నలుపు కూడా పోవాలని పట్టుదలకు పోతే పోయేది ఉక్కు. ఇప్పుడు గొట్టంలోనికి చొప్పించి చూడగల సన్నని కెమెరాలు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. వాటిలో చూస్తే మంచి గొట్టం కూడా గతుకుల బాటవలె కనబడుతుంది. వెనుకటివారు వెలుతురుకు ఎత్తిపట్టి చూసి తృప్తిపడేవారు. ఆ కెమెరా కొన్నవారికి ఆ తృప్తి లేదు.

పని చేయవలసివచ్చినప్పుడు చేసే తీరు ఇది. ముందుగా రైఫిలులో తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిశ్చయించుకొని, బోల్టు ఊడదీసి పక్కన పెట్టాలి. మామూలు ద్రావణంతో తుడిచి, మెత్తని మురికి అంతా పోనివ్వాలి. కడ్డీ ఒకే ముక్కగా ఉండాలి. మరలతో అతికే కడ్డీల అతుకు దగ్గర గట్లు గీసుకొంటాయి. తూటా పెట్టే వైపునుంచే, గొట్టం నడుమగా నడిచేటట్లు ఆధారపు గొట్టం పెట్టి, లోనికి పంపాలి. కడ్డీ చివరి బిళ్లకు గుడ్డపేలిక చుట్టి, దానికి బఠానీ గింజంత పేస్టు రాసి బిగువుగా నడపాలి. గొంతు దగ్గర చిన్న చిన్న పోట్లుగా పది ఇరవై సార్లు. తక్కిన గొట్టంలో అయిదారుసార్లు. గుడ్డ మూతి దాటి పూర్తిగా బయటకు రాకుండా ఆపాలి. వస్తే వెనుకకు లాగేటప్పుడు ఆ పొడి మూతి అంచునే గీకుతుంది. కడ్డీని ప్రతి పోటుకూ తుడుస్తూ ఉండాలి. ఇత్తడి, అల్యూమినియం కడ్డీలు మెత్తనివి కాబట్టి ధూళి వాటిలో గ్రుచ్చుకొని ఆకురాయి అవుతుంది. తూటా గదికి మాత్రం పొడి తగలనీయరాదు. కాల్చినప్పుడు ఇత్తడి తూటా ఆ గది గోడలను గట్టిగా పట్టుకొంటుంది. గోడలు అద్దంలా నున్నబడితే ఆ పట్టు తగ్గి, తన్ను అంతా బోల్టు మీద పడుతుంది.

అయిపోయిన తరువాత పొడి అంతా బయటకు రావడం ముఖ్యం. కిరోసిన్‌వంటి పలుచని ద్రావణంలో తడిపిన గుడ్డలు, ఒకదాని వెనుక ఒకటి, తెల్లగా వచ్చేవరకు నడపాలి. బోల్టు కూర్చునే చోటును విడిగా తుడవాలి. పొడి మిగిలిన గొట్టంలో కాల్చడం అంటే గుండునే సానకడ్డీగా వాడటం. తరువాత పలుచగా నూనె; మరల కాల్చబోయే ముందు ఆ నూనె పొడిగుడ్డతో తీసివేయడం.

ఎన్నాళ్లకొకసారి? గురి చెడనంతవరకు అవసరం లేదు. రెండు మూడు సార్లు ద్రావణంతో శుభ్రపరచినా గుండ్లు చెదురుతూనే ఉంటే అప్పుడు తీయవలసినది ఈ డబ్బా. సీసపు గుండ్లు కాల్చే పాయింట్ రెండు రెండు రైఫిలుకు ఈ అవసరం మరీ అరుదు. దాని తూటా గది ముందు కట్టే మసి పెంకు తప్ప, తక్కిన గొట్టాన్ని పేలికతో తుడిస్తే సరిపోతుంది. గాలి రైఫిలుకు అసలే వద్దు. 2012 లండన్ ఒలింపిక్సులో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కంచు పతకం గెలిచినది గాలి రైఫిలు పోటీలోనే. అందులో మందూ లేదు, మసీ లేదు.

పొడితో శుభ్రపరచిన గొట్టం వెంటనే పాత గురిని చూపదు. లోపల మరల ఒక పలుచని పూత ఏర్పడేవరకు మొదటి అయిదారు గుండ్లు, కొన్నిటిలో పది పదిహేను కూడా, తలొక దారి పడతాయి. అందుచేత పోటీకి ముందురోజు సాయంకాలం ఈ పని పెట్టుకోరాదు. కనీసం వారంరోజులు ముందుగా చేసి, నడుమ ఒకనాడు మైదానానికి వెళ్లి కాల్చి, గుండ్లు ఒకచోటికి చేరిన సంగతి కాగితం మీద చూసుకొని రావాలి.